తిరుపతిలో అందాల పోటీల శిక్షణ: నడక దిట్టం, చరిత్ర పుస్తకం మాత్రం 2000 దగ్గరే ఆగిపోయింది

హైదరాబాద్ హైటెక్స్‌లో 2025 మే 31న థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీకి మిస్ వరల్డ్ కిరీటం పెట్టారు. అది 72వ పోటీ. ఆ నెలంతా టీవీ చూసిన ఇళ్ళల్లో వినబడే మాట ఒకటుంది: "మా పాపకు ఇదంతా నేర్పించేవాళ్ళు ఈడ ఎవరైనా ఉండారా?" ఉన్నారు. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక మేడ మీద ఎనిమిది వారాల కోర్సు నడుస్తోంది. అందులో మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, గట్టిగా అడగాల్సినవీ ఉన్నాయి. అందుకే సంస్థ పేరు రాయడం లేదు. చేరబోయేవాళ్ళకు కావాల్సింది బోర్డు మీది పేరు కాదు, లోపల ఏం చెబుతున్నారన్నది.

ఫీజు 22,000 రూపాయలు, బ్యాచ్‌కు పన్నెండు మంది. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, ఆదివారం పొద్దున మూడు గంటలు. లెక్కేస్తే 72 గంటలు, అంటే గంటకు మూడు వందల పైచిలుకు. హీల్స్, గౌను, మేకప్ సామాను, ఫోటోల ఖర్చు వేరే. ఈ ‘వేరే’ ఫీజును దాటిపోవడం మామూలే కాబట్టి చేరే రోజే కాగితం మీద రాయించుకోండి.

ముందుగా చరిత్ర క్లాసు గురించి. గంటన్నర చొప్పున నాలుగు క్లాసులు. పిల్లలు ఎగ్గొట్టేది ఎక్కువగా దీన్నే. నిజానికి కోర్సులో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. స్టేజీ మీద ఏది ఎందుకు చేయిస్తారో, ఏది మానేశారో, జడ్జి ఆ ప్రశ్నే ఎందుకు అడుగుతాడో అన్నీ వెనకటి గొడవల్లోంచి వచ్చినవే. ఆ గొడవలు తెలియకుండా నడక ఒక్కటే నేర్చుకున్న పిల్ల ఇంటర్వ్యూలో దొరికిపోతుంది.

క్లాసు మన ఐశ్వర్య, సుస్మిత గెలిచిన 1994లో కాకుండా 1951లో మొదలవుతుంది. అది మొదటి మంచి లక్షణం. లండన్‌లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ సంబరాలు జరుగుతున్నాయి. మెక్కా అనే డ్యాన్సు హాళ్ళ కంపెనీలో పనిచేసే ఎరిక్ మోర్లీ జనాన్ని రప్పించడానికి బికినీ పోటీ పెట్టాడు. స్వీడన్‌కు చెందిన కికీ హాకన్సన్ గెలిచింది. బికినీలో కిరీటం పెట్టించుకున్న మిస్ వరల్డ్ ఆమె ఒక్కతే. ‘మిస్ వరల్డ్’ అన్న పేరు పత్రికలవాళ్ళు తగిలించింది. ఒక్కసారికని పెట్టిన ఆటను, అమెరికాలో మిస్ యూనివర్స్ వస్తోందని తెలిశాక, మోర్లీ ఏటా జరపడం మొదలుపెట్టాడు.

ఆ మిస్ యూనివర్స్ పుట్టుక ఇంకా తమాషా. 1951 మిస్ అమెరికా యోలాండ్ బెట్‌బీజ్ గెలిచాక స్విమ్‌సూట్‌లో ఫోటోలు దిగనంది. స్పాన్సర్ చేస్తున్నది కాటలీనా అనే ఈత దుస్తుల బ్రాండు. వాళ్ళు అలిగి బయటికొచ్చి 1952లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో సొంత పోటీ పెట్టారు. ఫిన్లాండ్ అమ్మాయి ఆర్మీ కూసెలా మొదటి విజేత. సంబరానికి పుట్టింది ఒకటి, ఈత దుస్తులు అమ్ముకోవడానికి పుట్టింది ఇంకొకటి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, మిస్ యూనివర్స్‌లో స్విమ్‌సూట్ రౌండ్ ఇప్పటికీ ఎందుకుందో, మిస్ వరల్డ్ దాన్ని ఎలా వదిలించుకోగలిగిందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో క్లాసు చీటీలాట. ట్రైనర్ మేడమ్ ఒక గిన్నెలో సంవత్సరాలు రాసిన చీటీలు వేస్తుంది. తీసిన అమ్మాయి లేచి నిలబడి నలభై సెకన్లలో ఆ ఏడాది కథ చెప్పాలి. 1974 వచ్చిన అమ్మాయి చెప్పాల్సింది హెలెన్ మోర్గన్ గురించి. ఆ బ్రిటన్ యువతికి పెళ్ళికాకుండానే బిడ్డ ఉన్నాడని పత్రికలు వెంటపడితే గెలిచిన నాలుగు రోజులకే తప్పుకుంది, కిరీటం దక్షిణాఫ్రికాకు చెందిన ఆన్నెలీన్ క్రీల్‌కు పోయింది. పక్కనే కూర్చున్న అమ్మాయికి 2023 వస్తుంది. ఆ ఏటి నుంచి మిస్ యూనివర్స్ పెళ్ళయినవాళ్ళకూ తల్లులకూ తలుపు తీసింది, 2024 నుంచి పైవయసు హద్దు కూడా ఎత్తేసింది. రెండు చీటీలు పక్కపక్కన పడేసరికి గదిలో ఒక్కసారిగా వాదన మొదలవుతుంది. మేడమ్ ఆపదు, ఇంకా ఎగదోస్తుంది. ఇది అసలైన ఇంటర్వ్యూ ప్రాక్టీసు. దీనికి ఎన్ని మార్కులైనా వేయొచ్చు.

1970 చీటీని కూడా బాగా చెప్పిస్తారు. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన మిస్ వరల్డ్ పోటీలో హాస్యనటుడు బాబ్ హోప్ మాట్లాడుతుండగా స్త్రీవాదులు పిండి బాంబులు విసిరారు. అదే ఏడు దక్షిణాఫ్రికా ఇద్దర్ని పంపింది: దేశం పేరుతో ఒక తెల్లమ్మాయిని, ‘ఆఫ్రికా సౌత్’ పేరుతో తెల్లజాతి కాని పెర్ల్ జాన్సెన్‌ను. చివరికి గ్రెనడాకు చెందిన జెన్నిఫర్ హోస్టెన్ గెలిచింది, పెర్ల్ జాన్సెన్ రెండో స్థానంలో నిలిచింది. ఆ దెబ్బ తర్వాత మిస్ వరల్డ్‌కు ‘బ్యూటీ విత్ ఎ పర్పస్’ (అందానికి తోడు ఒక సేవా లక్ష్యం) అనే నినాదం ఎందుకు అవసరమైందో క్లాసులో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

ఇక్కడిదాకా నోటి పాఠం. చేతికిచ్చే పుస్తకం సంగతి వేరు. నలభై పేజీలు, స్పైరల్ బైండింగ్, అట్ట మీద కిరీటం. లోపల తప్పులు వరసగా ఉన్నాయి, పిల్లలు వాటిని బట్టీ పడుతున్నారు.

1966లో మిస్ వరల్డ్ అయిన రీటా ఫారియాను పుస్తకం ‘ఫెమినా మిస్ ఇండియా’ అంటుంది. కాదు. ఆమె గెలిచింది ఈవ్స్ వీక్లీ పత్రిక పెట్టిన పోటీ. ఆ ఏటి ఫెమినా విజేత యాస్మిన్ దాజీ, ఆమె వెళ్ళింది మిస్ యూనివర్స్‌కు. రీటా ఫారియా ఆసియా నుంచే మొదటి మిస్ వరల్డ్. ముంబైలో మెడిసిన్ చదువుతూ వెళ్ళింది, ఏడాది అయ్యాక మోడలింగ్ వద్దనుకుని లండన్‌లో మళ్ళీ వైద్యవిద్యలోకి వెళ్ళిపోయింది. ఎస్వీ మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్ళో పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇది. పుస్తకంలో దీనికి ఒక్క వాక్యం లేదు.

నీనా దావులూరిని మిస్ వరల్డ్ జాబితాలో పెట్టారు. తెలుగు కుటుంబం అమ్మాయే, కానీ ఆమెది మిస్ అమెరికా 2014 కిరీటం, ఆ పోటీయే వేరు. భారత్ మిస్ వరల్డ్ కిరీటాలు ఐదు అని రాశారు. ఐశ్వర్యా రాయ్ 1994, డయానా హేడెన్ 1997, యుక్తా ముఖీ 1999, ప్రియాంకా చోప్రా 2000 దగ్గర పెన్ను ఆగిపోయింది. 2017లో చైనాలోని సాన్యాలో గెలిచిన మానుషి ఛిల్లర్‌తో కలిపి ఆరు. ఆరుతో మనకు సమానంగా వెనిజులా ఉంది, అది కూడా లేదు. తెలుగు పిల్ల మానస వారణాసి 2021 పోటీలో తొలి 13 మందిలో నిలిచింది. కోవిడ్ వల్ల ఆ పోటీ వాయిదా పడి 2022 మార్చి 16న ప్యూర్టోరికోలో జరిగింది. ఆమె ఊసే లేదు. మన భాష మాట్లాడే అమ్మాయి అంత దూరం వెళ్ళొస్తే, తిరుపతిలో అచ్చేసిన పుస్తకంలో చోటు దొరక్కపోవడం ఏమిటో!

బెంగళూరు ముచ్చటకు పుస్తకంలో ఉన్నది ఒకే ఒక్క లైను. చిత్తూరు వాళ్ళకు బెంగళూరు పక్క వీధి లాంటిది. 1996 నవంబర్ 23న చిన్నస్వామి స్టేడియంలో మిస్ వరల్డ్ జరిగింది. అమితాబ్ బచ్చన్ కంపెనీ ఏబీసీఎల్ దాన్ని నెత్తికెత్తుకుంది. మహిళా సంఘాలు, రైతు సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. చివరికి స్విమ్‌సూట్ రౌండును సీషెల్స్‌కు తరలించారు. గ్రీసుకు చెందిన ఇరీన్ స్క్లీవా గెలిచింది. 2002లో నైజీరియాలోని అబూజాలో జరగాల్సిన పోటీ ఇంకా ఘోరం. ఒక పత్రిక వ్యాసం మీద రేగిన అల్లర్లలో 200 మందికి పైగా చనిపోతే పోటీని లండన్‌కు మార్చారు. ఊరు ఒప్పుకోకపోతే ఏమవుతుందో నిర్వాహకులు నేర్చుకున్నది ఇలాంటి చోట్లే. 2013లో ఇండోనేషియాలోని బాలిలో బికినీ తీసేశారు, 2015 నుంచి మిస్ వరల్డ్‌లో స్విమ్‌సూట్ పోటీయే లేదు.

ఇది తెలియక జరుగుతున్న నష్టం చూడండి. కోర్సు ఐదో వారంలో ఆరు గంటలు స్విమ్‌సూట్ నిలబడే భంగిమలకే పోతున్నాయి, అదీ మిస్ వరల్డ్ దారిలో వెళ్తామనే పిల్లలకు. ఇంట్లో ఒప్పుకోరని ఇద్దరు ముగ్గురు ఆ వారం రావడమే మానేస్తారు. లేని రౌండు కోసం పిల్ల మానుకుంటోంది, తల్లిదండ్రులు భయపడుతున్నారు. ఏ పోటీకి వెళ్తున్నారో ముందే తేల్చుకుని, మిస్ వరల్డ్ వైపైతే ఆ ఆరు గంటలూ హెడ్ టు హెడ్ మాటల పోటీకి మార్పించుకోండి. అడిగితే మారుస్తారు.

నడక క్లాసు బాగుంది. మొదటి వారం చెప్పులు లేకుండా, నేల మీద అంటించిన టేపు గీత మీద నడక. రెండో వారం రెండంగుళాల మడమ, మూడు నాలుగు వారాలు మూడున్నర, ఐదు నుంచి పోటీలో వేసుకునే జోడే. ఈ క్రమం తప్పితే పిక్కలు పట్టేస్తాయి, పిల్ల నొప్పిని దాచుకోవడానికి మోకాళ్ళు వంచి నడుస్తుంది. మోకాలు వంగిందా, వెనకనుంచి చూసేవాళ్ళకు కుర్చీలో కూర్చోబోతున్నట్టు ఉంటుంది. మడమ ముందు, మునివేళ్ళు ఆ వెంటనే. నడుము ఊపక్కర్లేదు. పాదాన్ని గీత మీదికి తెస్తే నడుమే ఊగుతుంది. తిరిగేటప్పుడు మునివేళ్ళ మీద తిరగాలి. తల ఆఖరున కదలాలి, మళ్ళీ ముందుగా చేరాలి. కొత్తవాళ్ళందరూ తిరిగే చోట కిందికి చూస్తారు. అప్పుడు మేడమ్ నోరు చూడాలి: "రూపాయి బిళ్ళ పడిపోయిందా పాపా, ఎతుక్కుంటా ఉండావు?"

గదికి ఉన్న లోపం గది కొలతే. పొడవు 24 అడుగులు, ఒక చివర నిలువుటద్దం. పెద్ద స్టేజీ మీద నడక ఇంతకు రెండింతలు పైనే ఉంటుంది, కొద్ది అంగలకే తిరగడం అలవాటైన పిల్ల అక్కడ మధ్యలోనే వేగం తగ్గించేస్తుంది. అద్దం ముందు ఉండడం వల్ల కళ్ళు సొంత మొహం మీదే ఉంటాయి. జడ్జీలు కూర్చునేది స్టేజీ కంటే కింద. చూపు వాళ్ళ వెనక ఉండే కెమెరా ఎత్తుకు అలవాటు కావాలి. వారానికి ఒక్కరోజైనా అద్దానికి గుడ్డ కప్పి, అటు చివర ఐదడుగుల ఎత్తున ఫోను పెట్టి రికార్డు చేయమనండి. ఇంకొకటి: గది నేల నున్నటి టైల్స్. కొత్త హీల్స్ అడుగున గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితేనో, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర పల్చటి రబ్బరు అట్ట అంటిస్తేనో జారవు. సంస్థవాళ్ళు ఇది చెప్పడం లేదు, చెప్పాలి.

ఫలితాలు చదివేటప్పుడు ఎలా నిలబడాలో ప్రత్యేకంగా నేర్పుతున్నారు. ఇలాంటిది నేర్పాలన్న ఆలోచన రావడమే గొప్ప. చివరి స్థానం నుంచి మొదటికి తిరగేసి చదివే పద్ధతిని జనానికి అలవాటు చేసింది మోర్లీయే. ఆ పద్ధతి వల్లే చివరికి ఇద్దరు చేతులు పట్టుకుని మిగులుతారు, ప్రపంచం మొత్తం ఓడిన అమ్మాయి మొహమే చూస్తుంది. 2015 మిస్ యూనివర్స్‌లో వ్యాఖ్యాత స్టీవ్ హార్వీ కొలంబియా పేరు చదివి, కిరీటం పెట్టేశాక, కాదు ఫిలిప్పీన్స్ అని దిద్దుకున్నాడు. ఆ వీడియో వేసి, ఇద్దరి మొహాలూ ఆపి ఆపి చూపిస్తున్నారు. ఊపిరి ముక్కుతో తీసుకోవడం, మోకాళ్ళు బిగించకుండా ఉండడం (బిగిస్తే లైట్ల వేడికి కళ్ళు తిరుగుతాయి), పక్కమ్మాయి పేరు వినగానే ముందు ఆమెవైపు తిరగడం, ఈ మూడూ పదేసి సార్లు చేయిస్తారు.

గౌను విషయంలో సంస్థ పంపించే దర్జీ పనితనానికి వంక లేదు. కొలతలు తీసుకునే ముందు హీల్స్ తెమ్మంటాడు. ఆ ఒక్క మాటతోనే పనిమంతుడని తెలిసిపోతుంది. ముందు అంచు నేలకు అర అంగుళం పైన ఉండాలి. తక్కువైతే మడమ చిక్కుకుంటుంది, ఎక్కువైతే చెప్పులు కనబడి గౌను అరువు తెచ్చినట్టుంటుంది. క్యాన్‌క్యాన్ (గౌను ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే గట్టి నెట్టు) మీద ఇంకో పొర లైనింగ్ వేస్తాడు, లేకపోతే నెట్టు కాళ్ళకు గీసుకుని నడక తడబడుతుంది. జిప్పు పైన హుక్కు తప్పనిసరి. సాష్ (భుజం మీంచి అడ్డంగా వేసే పేరు పట్టీ) శాటిన్ కాబట్టి జారుతుంది. భుజం దగ్గర లోపలివైపు నుంచి రెండు పిన్నీసులు, తుంటి దగ్గర ఒక కుట్టు. ఊరి పేరు నడుము పైనే చదవడానికి రావాలి, లేకపోతే ఫోటోలో చేయి అడ్డం వస్తుంది. రేటు ఎక్కువనిపిస్తే 1994లో సుస్మితా సేన్ మిస్ ఇండియా గౌను గుర్తు చేసుకోండి: సరోజినీ నగర్ మార్కెట్లో కొన్న గుడ్డ, ఇంటి దగ్గరి దర్జీ కుట్టు, సాక్సులు కత్తిరించి చేసిన చేతి తొడుగులు. ఆమే చెప్పిన సంగతి అది. కుట్టు కుదిరితే గుడ్డ ధర ఎవరూ అడగరు.

జాతీయ దుస్తుల రౌండుకు కలంకారీ వాడమని సంస్థ సలహా. మంచి సలహా, శ్రీకాళహస్తి నలభై కిలోమీటర్లే కదా. కానీ వాళ్ళు చూపించిన నమూనా గుడ్డ స్క్రీన్ ప్రింట్. చేతితో గీసినదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు నెమళ్ళు పక్కపక్కన ఉంటే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు, గీత ఒకచోట సన్నం, ఒకచోట లావు. గుడ్డ వెనకవైపూ నల్ల గీత దిగి ఉంటుంది. కొత్త గుడ్డకు పాలు, కరక్కాయ కలిసిన వాసన ఉంటుంది. నూలు గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానబెట్టిన ద్రావణంతో వెదురు కలం పట్టి గీస్తే, కరక్కాయ వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూస్తారు. మధ్యమధ్యలో పారే నీళ్ళలో ఉతకాలి, ఎండబెట్టాలి. అందుకే "పదిరోజుల్లో ఇస్తాం" అన్నవాళ్ళు ఇచ్చేది ప్రింటే. కనీసం రెండు నెలల ముందు చెప్పాలి.

ఎనిమిది కళీల (నిలువు ముక్కల) ఘేరు గౌనుకు 44 అంగుళాల పన్నాలో ఏడెనిమిది మీటర్లు పడుతుంది. బొమ్మ ఎక్కడ రావాలో కళీల వారీగా కాగితం మీద గీసిచ్చి, గుడ్డ కత్తిరించకముందే గీయించుకోవాలి. మామూలు తాను కొని కత్తిరిస్తే కుట్టు దగ్గర దేవుడి మొహం రెండు ముక్కలవుతుంది, అది చూసే మనవాళ్ళకే బాగుండదు. సహజ రంగులు తెల్లటి ఎల్‌ఈడీ లైట్ల కింద వెలిసినట్టు కనబడతాయి, ముదురు మెరూన్ లేదా నలుపు పైపింగ్ వేస్తే బొమ్మ తేలుతుంది. నేరుగా వేడి ఇస్త్రీ పెట్టొద్దు. ముందు మూల ముక్క మీద చూసుకోండి.

జుట్టు దగ్గర పుస్తకం మళ్ళీ పాతరాతే: ‘భుజాల కిందికి ఉండాలి’ అట. 2019 మిస్ యూనివర్స్ జోజిబినీ తుంజీ పొట్టి, సహజమైన ఉంగరాల జుట్టుతోనే గెలిచింది. మొక్కు తీర్చుకుని గుండుతో ఉన్న పిల్లను ‘జుట్టు పెరిగాక రా’ అని తిప్పి పంపడం ఈ ఊళ్ళో మరీ విడ్డూరం. కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాలను టీటీడీ వేలంలో అమ్ముతుంది, అవి విగ్గులై, అతుకు జడలై దేశాలు తిరుగుతాయి. ఏ కిరీటం కింద ఏ కొండ జుట్టు ఉందో ఎవరికెరుక!

మేకప్ క్లాసు మామూలుగా ఉంది. ఫౌండేషన్‌ను ముంజేతి మీద పరీక్షించమంటున్నారు, తప్పు. దవడ అంచు మీద రాసి, పగటి వెలుగులో మెడతో పోల్చాలి.

ప్రశ్న జవాబుల క్లాసు కోర్సులో అన్నిటికంటే బలహీనం. 1994 మిస్ యూనివర్స్‌లో సుస్మితా సేన్ ఇచ్చిన జవాబునూ, 2017లో ఏ వృత్తికి ఎక్కువ జీతం ఇవ్వాలంటే అమ్మకని మానుషి చెప్పినదాన్నీ బట్టీ పట్టిస్తున్నారు. ఆ రెండూ జడ్జీలకు కంఠతా వచ్చు. ముప్పై సెకన్లలో తొందరపడకుండా చెబితే ఇంగ్లీషులో 65, 70 మాటలకు మించి పట్టవు. అందులో "థాంక్యూ ఫర్ ది వండర్‌ఫుల్ క్వశ్చన్" అంటే రెండు మూడు సెకన్లు నేలపాలు. మొదటి వాక్యంలోనే జవాబు, తర్వాత ఒక్క కారణం, తర్వాత సొంత ఊరి నుంచి ఒక్క ఉదాహరణ, ఆపడం. ఇంగ్లీషు రాని పిల్లను వెనక వరసలో కూర్చోబెట్టడం ఇంకో తప్పు. మిస్ యూనివర్స్‌లో దుబాసీని పెట్టుకోనిస్తారు. సొంత భాషలో సూటిగా చెప్పి, అనువదించేవాళ్ళు అందుకునేలా చిన్న వాక్యాలు వాడడం కూడా నేర్పాల్సిన విద్యే. దానికి ఇక్కడ ఒక్క గంట కూడా లేదు.

సేవా ప్రాజెక్టు సంగతి కూడా ఇలాగే ఉంది. మిస్ వరల్డ్‌లో ‘బ్యూటీ విత్ ఎ పర్పస్’ పేరుకు పెట్టింది కాదు, అందులో గెలిచినవాళ్ళకు ముందుకు వెళ్ళే దారి దొరుకుతుంది. మానుషిది బహిష్టు శుభ్రత మీద, ఓపల్‌ది రొమ్ము క్యాన్సర్ అవగాహన మీద. ఓపల్ పదహారేళ్ళకే రొమ్ములో గడ్డ తీయించుకున్న అమ్మాయి, కాబట్టి ఆ మాట ఆమె నోట అతికింది. ఇక్కడ మాత్రం మొక్కలు నాటి ఫోటో దిగడం, పోస్టరు గీయడం. దానికి బదులు ఒక హాస్టల్ తీసుకోండి. రక్తహీనత మీద పని అనుకుందాం. అనుమతి రాతపూర్వకంగా, పరీక్ష నర్సు చేత. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్ళు ఎంతమందో మొదటిరోజు రాసుకోవాలి, డాక్టరు చెప్పిన మాత్రలు, తిండి మార్పు జరిగాక మూడు నెలలకు మళ్ళీ రాసుకోవాలి. పేర్లు రాయొద్దు, అంకెలు చాలు. మూడు నెలల పని ఎనిమిది వారాల్లో అవ్వదు కదా అంటారేమో. అవ్వదు. కోర్సులో చేరే రోజుకే మొదలై ఉండాలి.

సంతకం పెట్టే ముందు ఒప్పంద పత్రం చదవండి, నాలుగు పేజీలే. రెండో వారం దాటితే ఫీజు వాపసు లేదన్నది మామూలు షరతే. మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, శిక్షణలో తీసిన ఫోటోలు, వీడియోలు పదేళ్ళ పాటు ప్రకటనలకు వాడుకునే హక్కు సంస్థదేనని ఉంది. ఐదో వారం స్విమ్‌సూట్ ప్రాక్టీసు వీడియోలూ అందులోకే వస్తాయి. పిల్లకు పద్దెనిమిది నిండకపోతే సంతకం మీదే. ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, రెండు ప్రతుల్లోనూ పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాలి. అడిగినవాళ్ళకు కొట్టేస్తున్నారు. అడగనివాళ్ళ కాగితాల్లో అది అలాగే ఉంది.